గోడకి స్పాంజి అంటిస్తే చప్పుడు ఆగుతుందా?

ఇంటి నుంచి పని మొదలయ్యాక మనవాళ్ళ గోడల మీద కొత్తగా మొలిచినవి నల్లటి ఫోమ్ పలకలు. కోడిగుడ్ల అట్టల్లా ఎత్తుపల్లాలతో, చూడ్డానికి రికార్డింగ్ స్టూడియోలా బానే ఉంటాయి. వాటిని "అకూస్టిక్ ఫోమ్, సౌండ్ ప్రూఫ్" అని ఒకే ఊపిరిలో చెప్పి అమ్మేస్తున్నారు. నా గొడవంతా దాంతోనే.

అసలివి రెండూ వేర్వేరు పనులండీ. గదిలో పుట్టిన ధ్వని గోడలకి తగిలి మళ్ళీ మళ్ళీ వెనక్కి రాకుండా పీల్చుకోవడం ఒకటి. పక్కింటి మిక్సీ మోత, రోడ్డు మీద హారన్లు లోపలికి రాకుండా ఆపడం ఇంకొకటి. మొదటిదానికి గాలి దూరే మెత్తటి పదార్థం కావాలి. రెండోదానికి బరువు కావాలి, సందు లేకుండా మూయడం కావాలి. గోడ బరువు రెట్టింపు చేస్తేనే, అదీ సిద్ధాంతం ప్రకారం, తగ్గేది 6 డెసిబెల్స్. ఊదితే ఎగిరిపోయే స్పాంజి ఏం ఆపుతుంది? తలుపు కింద సందు మూసుకోవడం అంతకంటే నయం.

సరే, పీల్చే సంగతికొద్దాం. 1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో ప్రతిధ్వని వల్ల పాఠం ఒక్క ముక్క అర్థం కావట్లేదని, ఆ పని వాలెస్ సెబైన్ అనే ఫిజిక్స్ అధ్యాపకుడికి అప్పగించారు. అప్పటికాయన వయసు 27, అంటే దాదాపు నా ఈడువాడే. పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, ఆర్గన్ పైపు మోగించి, చప్పుడు చచ్చేదాకా ఎంతసేపు పడుతుందో కొలిచాడు. అందులోంచి పుట్టిన సూత్రం చాలా చిన్నది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం పీల్చే వైశాల్యంతో భాగించడమే.

మన 12 x 10 గది, 10 అడుగుల ఎత్తు అనుకోండి. సుమారు 34 ఘనపు మీటర్లు. సిమెంటు గోడలు, టైల్స్ నేల ధ్వనిలో నూటికి 3 వంతులు పీలుస్తాయనుకుంటే, ఖాళీ గదిలో చప్పుడు చావడానికి దాదాపు 3 సెకన్లు. 90 వంతులు పీల్చే 4 x 2 అడుగుల పలకలు ఓ ఆరు తగిలిస్తే సెకనులోపుకి వస్తుంది. మంచం, పరుపు, బట్టలు ఉంటే ఇంకా తక్కువ. గదంతా కప్పక్కర్లేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

కానీ ఆ 90 ఎక్కడ, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అనేదే అసలు ప్రశ్న. గోడని ఆనుకుని ఉన్న గాలి కదలదు. కదలని గాలిని ఏ పీచూ రాపిడి పెట్టి వేడిగా మార్చలేదు. గాలి బాగా కదిలేది తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దూరంలో. 1000 హెర్ట్జ్‌కి అది 8.5 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌కి 85. అందుకే అంగుళం ఫోమ్ "స్... ష్..." లాంటి శబ్దాల్ని మింగేసి, మగగొంతులోని గుమగుమని అలాగే వదిలేస్తుంది. వింటే డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది.

ఈ లోటు కనపడకుండా దాచేది ఎన్.ఆర్.సి. అనే అంకె (పేపర్లలో వచ్చే ఎన్.ఆర్.సి. కాదు లెండి). ఇది 250, 500, 1000, 2000 హెర్ట్జ్‌ల దగ్గర కొలిచిన నాలుగు విలువల సగటు. ఉదాహరణకి 0.15, 0.45, 0.85, 0.95 వచ్చాయనుకోండి, సగటు 0.60. చూస్తే ఫస్టు క్లాసు మార్కు, తీరా మొదటి సబ్జెక్టు ఫెయిలు. 125 హెర్ట్జ్‌కైతే అసలు పరీక్షే లేదు. సర్వర్ సగటు రెస్పాన్స్ టైమ్ చూసి సంబరపడేవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు.

దీనికన్నా మెరుగైనది మన ఏసీ పనివాళ్ళకి ఎప్పట్నుంచో తెలిసిన సరుకే: రాక్ వూల్, గ్లాస్ వూల్. రెండంగుళాల పలకని చెక్క ఫ్రేములో పెట్టి, నోటితో ఊదితే గాలి దూరే గుడ్డ చుట్టి, గోడకి రెండంగుళాలు ఎడంగా తగిలించండి. ఆ ఖాళీ వల్ల పైసా ఖర్చు లేకుండా కింది శబ్దాలు కూడా ఇంకాస్త తగ్గుతాయి. కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు తప్పనిసరి.

ఇదంతా సొగసు కోసం చెప్పట్లేదు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో స్టేషన్ నైట్‌క్లబ్ గోడలకంటించిన పాలీయురేథేన్ ఫోమ్‌కి బాణాసంచా నిప్పురవ్వలు తగిలి 100 మంది చనిపోయారు. 2013లో బ్రెజిల్‌లోని కిస్ క్లబ్‌లో దాదాపు అదే కథ, 242 మంది. రాక్ వూల్ కరిగిన రాతితో చేసినది కాబట్టి మండదు. మామూలు ఫోమ్ మండుతుంది, విషపు పొగ కక్కుతుంది. మనం దాన్ని కంప్యూటరు వెనక, స్విచ్ బోర్డు చుట్టూ, పిల్లలు పడుకునే గదిలో అంటిస్తున్నాం.

కాబట్టి కొనేముందు అమ్మేవాణ్ణి మూడడగండి. ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత పీలుస్తుందో పట్టిక ఉందా? మందం ఎంత? మంటల పరీక్ష కాగితం ఏది? మూడోదానికి నీళ్ళు నమిలితే, మొదటి రెండూ ఎంత బావున్నా వదిలేసి ఇంటికొచ్చేయండి. గదిలో కాస్త ప్రతిధ్వని ఉంటే కొంపేం మునగదు.