బ్యాంకాక్‌లో కాలువ బస్సు ఎక్కారా?

సోలోగా బ్యాంకాక్ వెళ్తున్నారా? అయితే సాయంత్రం ఆరింటికి సిటీ నడిబొడ్డున టాక్సీ ఎక్కకండి. మన హైటెక్ సిటీ ట్రాఫికే గుర్తొస్తుంది. టుక్‌టుక్‌కేమో మీటరుండదు, బేరమాడటం రాకపోతే జేబుకి చిల్లే. మరి అక్కడివాళ్ళు ఆఫీసు నుంచి ఇంటికెలా వెళ్తారు? చాలామంది కాలువలో!

దాని పేరు సేన్ సేప్ కాలువ. 1990 నుంచి ఇందులో ప్యాసింజర్ బోట్లు నడుస్తున్నాయి. రూటు సుమారు 18 కిలోమీటర్లు. దూరాన్ని బట్టి టికెట్ 20 బాట్లకి అటూ ఇటూ, అంటే మన 50 రూపాయలు. ఖావ్‌సాన్ రోడ్డు హాస్టళ్ళ నుంచి పాన్‌ఫా రేవుకి నడిచే వెళ్ళొచ్చు. అక్కడ ఎక్కి హువా చాంగ్‌లో దిగితే సియాం మాల్స్ దగ్గరే. ఇంకా ముందుకెళ్ళాలంటే ప్రతూనామ్‌లో బోటు మారాలి. టికెట్ పడేయకండి.

బోటు ఆగేది కొన్ని సెకన్లే, చటుక్కున ఎక్కేయాలి. హెల్మెట్ పెట్టుకున్న కండక్టర్ బోటు అంచు మీద నడుస్తూ టికెట్లిస్తాడు. నీళ్ళు చిందితే పక్కనున్న తాడు లాగండి, ప్లాస్టిక్ పట్టా పైకి లేస్తుంది. ఆ నీళ్ళు మురికివి, జాగ్రత్త! పెద్ద సూట్‌కేసుతో మాత్రం వద్దు. రాత్రి పొద్దుపోయాక బోట్లుండవు, వీకెండ్‌లో ఇంకా ముందే ఆగిపోతాయి.

ఒంటరిగా వెళ్ళినప్పుడు అసలు భయం మోసపోతామేమో అనే కదా! ఉద్యోగులు, స్టూడెంట్లు రోజూ ఎక్కే బోటులో రేటు అందరికీ ఒకటే. బేరం లేదు, ముక్కూ మొహం తెలియని డ్రైవర్‌తో ఒక్కరే కూర్చునే పనీ లేదు. అందుకే ఏ ఊరెళ్ళినా ముందు చూడాల్సింది ఒకటే: ఇక్కడివాళ్ళు పనికి ఎందులో వెళ్తున్నారు? అదే ఎక్కేయండి.