పెంపుడు నేస్తాలు: కుక్కల కీళ్లకు సూక్ష్మరంధ్ర శస్త్రచికిత్స

గత సంచికలో కుక్కపిల్లలకు వేయించవలసిన టీకాలను గూర్చి ముచ్చటించుకొన్నాము. ఈ పర్యాయం కీళ్ల సంగతి పరిశీలిద్దాము. లాబ్రడార్, రాట్‌వైలర్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్దజాతి శునకాలను పెంచుకొనే కుటుంబాలకు ఇది విశేషించి అవసరమైన విషయం.

ఐదు నుండి ఎనిమిది నెలల వయస్సులో కుక్కపిల్ల కుంటనారంభిస్తే, ఎక్కడో బెణికి ఉంటుందని ఊరుకోవడం పరిపాటి. బెణుకైతే కొద్దిరోజులలో సర్దుకొంటుంది. వారం పది రోజులు గడచినా తగ్గక, పడుకొని లేచినపుడు మరింతగా కుంటుతూ ఉంటే, లోపం కీలులోనే ఉండవచ్చును. ముందుకాలి మోచేతి కీలులో లోపలివైపు ఎముక కొన చిట్లి, చిన్న ముక్కగా విడివడడం ఈ జాతులలో తరచుగా కనిపించే వ్యాధి. చిక్కేమిటంటే, ఇది చాలాసార్లు రెండు కాళ్లకూ ఒకేసారి వస్తుంది. అప్పుడు ఆ ప్రాణి ఏ కాలినీ ప్రత్యేకంగా కుంటదు. పొట్టి అడుగులు వేస్తూ, ఆటకు రాక, ఒక మూల కూర్చుంటుంది. ఇంటివారు దానిని సోమరితనంగా భావిస్తారు. ఈ ముక్క మామూలు ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించకపోవచ్చును, సి.టి. స్కాన్ మేలైనది.

ఇటువంటి ముక్కను తొలగించడానికే ఆర్థ్రోస్కోపీ ఉపకరిస్తుంది. ఈ విద్య మానవ వైద్యం నుండి వచ్చినది. 1918లో టోక్యోలో కెంజి తకాగి అనే వైద్యుడు, మూత్రాశయాన్ని పరిశీలించే గొట్టంతో ఒక మృతదేహపు మోకాటి లోపలిభాగాన్ని చూశాడు. కుక్కలకు 1970వ దశకం నుండి దీనిని వాడసాగారు. పూర్తి మత్తు ఇచ్చి, సుమారు అగ్గిపుల్లంత మందం, అంటే 1.9 నుండి 2.7 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని కీలులోనికి పంపుతారు. సెలైన్ ధారతో లోపలి భాగాన్ని విశాలపరచి, తెరమీద చూస్తూ, మరొక రంధ్రం గుండా పంపిన పరికరంతో ముక్కను తీసివేస్తారు. కీలును విప్పి చేసే పాత పద్ధతికంటే దీనిలో నొప్పి తక్కువ, కోలుకోవడం త్వరితం.

అయితే ఫలితం అన్ని కీళ్లలో ఒక్కతీరుగా ఉండదు. భుజపు కీలులో ఊడిన మృదులాస్థి పొరను తీసివేస్తే చాలా కుక్కలు చక్కగా పరుగెత్తుతాయి. మోచేతిలో మాత్రం ఉపశమనం లభించినా, వాతపు మార్పులు వయస్సుతో పాటు పెరుగుతూనే ఉంటాయి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే తరువాత నిరాశ ఉండదు. ఇక మోకాటిలో క్రూసియేట్ లిగమెంట్ తెగినపుడు, ఆర్థ్రోస్కోపుతో లోపల చూసి, చిరిగిన మెత్తని దిండును సరిచేయవచ్చును గాని, కీలును నిలదొక్కుకొనేలా చేయడానికి పెద్దకుక్కలలో సాధారణంగా ఎముకను కోసి ప్లేటు బిగించవలసి వస్తుంది. ‘చిన్న రంధ్రం’ అన్న మాట విని మొత్తం పని అంతే అనుకోరాదు.

శస్త్రచికిత్స అనంతరం అసలు పరీక్ష ఇంటివారికే! గాయం చిన్నది కావడంతో కుక్క రెండు మూడు రోజులకే గంతులు వేయబోతుంది. వైద్యుడు చెప్పినన్ని వారాలు దానిని గొలుసుతోనే నడిపించాలి, మెట్లు ఎక్కనీయరాదు. నున్నని గచ్చుమీద జారకుండా గోనెపట్టాలో, చాపలో పరచడం మంచిది. మన నొప్పి మాత్రలను ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వరాదు. ఐబుప్రోఫెన్ కుక్కల కడుపులో పుండ్లు కలిగించి, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లులకు పారాసిటమాల్ ప్రాణాంతకం.

ఖర్చులేని చికిత్స మరొకటి కలదు: బరువు పెరగనీయకపోవడం. అమెరికాలో 48 లాబ్రడార్లను జీవితాంతం పరిశీలించి 2002లో ప్రకటించిన అధ్యయనంలో, 25 శాతం తక్కువ ఆహారం తిన్నవి తమ జతవాటికంటే దాదాపు రెండేళ్లు ఎక్కువ జీవించాయి. కీళ్లవాతమూ వాటికి ఆలస్యంగా వచ్చింది. మనము భోజనం చేస్తూ ప్రేమతో విసిరే పూరీ ముక్కలను ఈ లెక్కలో చేర్చుకోవాలి.

ఆర్థ్రోస్కోపీ సదుపాయం అన్ని పశువైద్యశాలలలోనూ లేదు. స్థానిక వైద్యుని ద్వారా ముందుగా విచారించి, పాత ఎక్స్‌రేలను, కుక్క నడకను తీసిన వీడియోను వెంట తీసికొని వెళ్లండి. ఆసుపత్రి గదిలో బెదరిన కుక్క తరచుగా కుంటడం మానేస్తుంది.