శ్రుతి ఎవరిది?

పోయిన నెల ఒక కథల పుస్తకం ఆవిష్కరణ సభకి వెళ్ళాను. రాసినామె కొత్త రచయిత్రి. మాట్లాడినవాళ్ళం నలుగురం. మొదటి ముగ్గురూ పెద్ద విమర్శకులే, ముగ్గురూ మగవాళ్ళే. ముగ్గురూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట అన్నారు: వస్తువు చాలా బలమైంది, శిల్పం మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి. నాలుగో మనిషిని నేను. నేనూ అదే అన్నాను, కాకపోతే కొంచెం ప్రేమగా. ఆ అమ్మాయి తలూపుతూ నోట్‌బుక్‌లో రాసుకుంది. ఇంటికి వచ్చాక నామీద నాకే అసహ్యం వేసింది. నాలుగైదు నెలలుగా నేను వింటున్న ఒక పాటల ఆల్బమ్ దానికి కారణం.

నాకు దాన్నిచ్చింది మా అక్క కూతురు. “పిన్నీ, ఒక్కసారి విని బాలేదని చెప్పకు. పదిసార్లు విని అప్పుడు చెప్పు” అంది. ఎనిమిదో ఏట నుంచి పదేళ్ళు విజయవాడలో వయొలిన్ నేర్చుకున్నదాన్ని. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి రికార్డులు వింటూ పెరిగిన చెవులు నావి. ఇంగ్లీషు పంక్ సంగీతం నాకేం తెలుసు! అయినా పెట్టాను. రెండో పాటకే ఆపేశాను. వయొలిన్‌ని తలుపు గీరినట్టు గీరుతున్నారు. డ్రమ్స్ ఒకచోట పరిగెడతాయి, ఒకచోట నీరసించిపోతాయి. ఇద్దరు పాడుతుంటే ఒకరి మాట మీద ఒకరి మాట పడుతోంది. వీళ్ళకి శ్రుతి లేదు, లయ లేదు, ఎవరూ నేర్పినట్టు లేదు అనుకున్నాను. సరిగ్గా ఇవే మాటలు!

ఆల్బమ్ పేరు ‘ద రెయిన్‌కోట్స్’. బ్యాండ్ పేరూ అదే. 1979 చివర్లో లండన్‌లో రఫ్ ట్రేడ్ అనే చిన్న కంపెనీ వేసింది. ఆ కంపెనీ మొదట ఒక రికార్డుల దుకాణం. బ్యాండ్ మొదలుపెట్టింది అనా ద సిల్వా, జీనా బర్చ్ అనే ఇద్దరు. అనా పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవి మనిషి. జీనాది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్. ఇద్దరూ లండన్‌లో హార్న్‌సీ ఆర్ట్ కాలేజీ విద్యార్థినులు. ‘ద స్లిట్స్’ అనే అమ్మాయిల బ్యాండ్‌ని చూసి, వీళ్ళు చెయ్యగలిగితే మనమెందుకు చెయ్యలేం అనుకుని 1977లో మొదలుపెట్టారు. జీనా అప్పుడప్పుడే బాస్ గిటార్ పట్టుకుంది. మొదట్లో బ్యాండ్‌లో మగవాళ్ళూ ఉండేవారు. ఆల్బమ్ నాటికి నలుగురూ స్త్రీలే. డ్రమ్స్ వాయించింది స్పెయిన్ నుంచి వచ్చిన పలోమా రొమేరో. ఆమె అప్పటికే స్లిట్స్‌లో వాయించి బయటికొచ్చింది. పలోమా అన్న పేరు నోరు తిరగక ఒక మగ సంగీతకారుడు పామోలివ్ అన్నాడట, అదే స్థిరపడింది. అవును, సబ్బు పేరే! ఇక వయొలిన్ విక్కీ ఆస్పినాల్.

ఈ విక్కీ దగ్గరే నా మొదటి తీర్పు కూలిపోయింది. ఆమె శాస్త్రీయ సంగీతం చదువుకున్న మనిషి. సాఫీగా, తియ్యగా వాయించడం ఆమెకి వచ్చు. ఒక వామపక్ష పుస్తకాల షాపులో ఈ బ్యాండ్‌వాళ్ళు అంటించిన ప్రకటన చూసి వచ్చింది. వాళ్ళకి కావలసింది శైలి కాదు, బలం, అన్నది ఆ ప్రకటన సారాంశం. అంటే నాకు చేతకానితనంలా వినిపించిన ఆ గీరుడు, చేతనైన మనిషి ఎంచుకున్న గీరుడు. ఇది తెలిశాక మళ్ళీ విన్నాను. తంబురా పాటని ఆనించుకుంటుంది. ఈ వయొలిన్ ఆనించుకోదు. పాట ఎక్కడ సర్దుకుపోబోతుందో అక్కడ అడ్డం తిరుగుతుంది.

ఐదోసారికి డ్రమ్స్ వినబడ్డాయి. రాక్ సంగీతంలో డ్రమ్స్ వాయించేవాళ్ళు పక్కనున్న కంచు తాళాల మీద ఒకే లెక్కని పట్టుకుని నడుపుతారు. ఆ లెక్క మీద మిగతావాళ్ళు నిశ్చింతగా నడుస్తారు. పామోలివ్ వాటి జోలికి పెద్దగా పోదు. డోళ్ళ మీదే వాయిస్తుంది. దాంతో ఒకరు కాలం పట్టుకుంటే మిగతావాళ్ళు వెనక నడవడం అనే ఏర్పాటే పోయింది. నలుగురూ ఒకరినొకరు వింటూ నడవాలి. ఒకరు తొందరపడితే అందరూ తొందరపడతారు, ఒకరు ఆగితే అందరూ ఆగుతారు. లయ తప్పిందని నేననుకున్నది నిజానికి లయ చేతులు మారడం. వంటింట్లో నలుగురు ఆడవాళ్ళు కలిసి పనిచేస్తున్నప్పుడు ఎవరూ ఆజ్ఞాపించకుండా పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతుంది చూడండి, అలాగ. (వంటింటి పోలిక తెచ్చినందుకు నన్ను తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. నాకు అంతకన్నా దగ్గరి పోలిక దొరకలేదు.)

పాటల్లో ఉన్నదేమిటో వినబడేసరికి ఎనిమిదిసార్లో తొమ్మిదిసార్లో అయ్యుంటుంది. ‘ఇన్ లవ్’ అన్న ప్రేమ పాటలో ప్రేమ ఒక జబ్బు లక్షణాల్లా వస్తుంది. గొంతు తడబడుతుంది, అరుస్తుంది, ఒకే మాట దగ్గర ఇరుక్కుపోతుంది. ‘నో లుకింగ్’కి మూలం ఫ్రెంచి కవి ఝాక్ ప్రెవేర్ కవిత. ఒక మగవాడు పొద్దున్నే కాఫీ తాగి, సిగరెట్టు కాల్చి, ఎదురుగా ఉన్న స్త్రీతో ఒక్క మాటా మాట్లాడకుండా, ఆమెవైపు చూడకుండా వెళ్ళిపోతాడు. అంతే! చెయ్యెత్తలేదు, తిట్టలేదు. ఆ చూడకపోవడమే హింస అని చెప్పడానికి మన కథకులు ఎన్ని పేజీలు ఖర్చుపెట్టారో మీకు తెలుసు. ‘లోలా’ అనే పాట 1970లో కింక్స్ అనే మగవాళ్ళ బ్యాండ్ పాడింది. క్లబ్బులో కలిసిన మనిషి ఆడో మగో తేలక తికమకపడే కుర్రాడి పాట. దాన్నే ఈ నలుగురు స్త్రీలు పాడేసరికి ఎవరు ఎవర్ని చూసి తికమకపడుతున్నారో తెలియకుండా పోతుంది. మగవాడి కుతూహలం మీద నిలబడ్డ పాట కింద నేల లాగేసినట్టుంటుంది.

‘ఆఫ్ డ్యూటీ ట్రిప్’ దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. బ్రిటన్‌లో 1970లలో సంచలనం సృష్టించిన ఒక కేసు ఈ పాటకి ఆధారం. ఒక సైనికుడు ఒక అమ్మాయి మీద అత్యాచారం చేశాడు. కోర్టు అతని సైనిక భవిష్యత్తు పాడవకూడదని శిక్ష తేల్చేసింది. ఆ అమ్మాయి భవిష్యత్తు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ పాటని ఏడుస్తూ పాడలేదు, నినాదంలా అరవలేదు. పొడిపొడిగా, దాదాపు వెటకారంగా పాడారు. దాన్ని వింటుంటే నాకు 1978 మార్చిలో మన హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో జరిగింది గుర్తొచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో మథుర కేసులో సుప్రీంకోర్టు పోలీసుల్ని వదిలేస్తూ ఇచ్చిన తీర్పు గుర్తొచ్చింది. ఆ తీర్పు మీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాసినప్పుడు, లండన్‌లో ఈ నలుగురు ఈ పాట రికార్డు చేస్తున్నారు. ఒకరి గురించి ఒకరికి తెలిసే అవకాశం లేదు. యూనిఫాం మాత్రం రెండుచోట్లా ఒకటే పని చేసింది. ఇలాంటి పాటని శ్రుతిలో పాడాలా? ఏ రాగంలో పాడితే విమర్శకులకి తృప్తిగా ఉండేది?

ఆల్బమ్ అంతా గొప్పదని నేననను. ‘యు ఆర్ ఎ మిలియన్’ నాకిప్పటికీ పట్టుబడలేదు.

ఇప్పుడు అసలు తగువుకి వస్తాను. పంక్ అంటేనే మూడు స్వరాలు నేర్చుకుని వేదికెక్కడం. ఆనాటి మగ బ్యాండ్లలో చాలామందికి వాయించడం సరిగ్గా రాదు. వాళ్ళకి రాకపోవడాన్ని ధిక్కారం అన్నారు, వ్యవస్థ మీద ఆగ్రహం అన్నారు. ఆడవాళ్ళకి రాకపోతే రాదన్నారు. వచ్చినా రాదన్నారు, విక్కీ సంగతి చెప్పాను కదా. ఈ రెండు కొలతలు మనకి కొత్తా? 1939లో పట్టాభి ‘ఫిడేలు రాగాల డజన్’ వేసి ఛందస్సుని కావాలని పడగొడితే ప్రయోగం అన్నాం. నేటికీ అది ప్రయోగమే, నేనూ క్లాసులో అలాగే చెప్పాను. అజంతా కవిత అర్థం కాకపోతే లోపం మనదే అనుకుని పదిసార్లు చదివాం. 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చిన రోజుల్లో స్త్రీల కవితల్ని ఎంతమంది రెండోసారి చదివి మాట్లాడారు? ఒళ్ళు గురించి రాశారన్నారు, వచనం అన్నారు, నినాదం అన్నారు. రెండోసారి చదవడం అనే మర్యాద ఎవరికి దక్కుతుందో, ఎవరికి దక్కదో చూడండి. శిల్పం గురించిన చర్చ సగం అక్కడే తేలిపోతుంది.

ఇంకో రకం మెచ్చుకోలు ఉంది, అది నాకు ఇంకా ఒళ్ళు మండిస్తుంది. “ఎంత అమాయకంగా ఉందో! ఎంత సహజంగా ఉందో!” రెయిన్‌కోట్స్ గురించి రాసినవాళ్ళు ఈ మాట తెగ వాడారు, ఆప్యాయంగానే. మన దళిత, బహుజన రచయిత్రుల గురించి మనం వాడే “మట్టి వాసన” కూడా ఇదే జాతి. అమాయకత్వం అన్నామంటే ఆమె ఎంచుకోలేదు, ఆమె నోట దానంతట అదే వచ్చేసింది అని. పాటని మధ్యలో నెమ్మదింపజెయ్యడం ఒక నిర్ణయం. ఒకరి మీద ఒకరు పాడటం ఒక నిర్ణయం. నిర్ణయాన్ని స్వభావం కింద జమకట్టి భుజం తట్టడం కన్నా, బాలేదని తిట్టడమే నయం.

ఇక హామీ సంతకాల సంగతి. ఈ బ్యాండ్ 1984లో ఆగిపోయింది, ఆల్బమ్ దొరకకుండా పోయింది. నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ లండన్ వచ్చి, దీనికోసం వెతుక్కుంటూ పాత వస్తువుల దుకాణంలో పనిచేస్తున్న అనా దగ్గరికి వెళ్ళాడు. ఆ సంగతి 1992లో తన ఆల్బమ్ అట్ట మీద రాశాడు. 1993లో రెయిన్‌కోట్స్ మళ్ళీ విడుదలైతే దానికి ముందుమాట రాశాడు. మంచి మనసుతో రాశాడు, అతన్ని నేనేమీ అనను. కానీ ఇవాళ్టికీ ఈ ఆల్బమ్ గురించి ఎవరు మాట్లాడినా మొదటి వాక్యం అతనే. 1990లలో అమెరికాలో ‘రయట్ గర్ల్’ అమ్మాయిలు ఈ పాటలు విని బ్యాండ్లు పెట్టుకున్న సంగతి ఆ తర్వాతెప్పుడో వస్తుంది, వస్తే. మన పుస్తకాలకి ముందుమాటలు ఎవరి చేత రాయించుకుంటున్నామో ఒకసారి అల్మారా తెరిచి చూసుకుందామా? నా మొదటి పుస్తకానికి రాసింది ఒక పెద్దాయన. రెండోదానికీ ఆయనే.

2023లో లండన్ టేట్ బ్రిటన్ మ్యూజియం స్త్రీవాద కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. దాని పోస్టర్ మీద జీనా బర్చ్ ముఖం. 1977లో విద్యార్థినిగా ఉన్నప్పుడు ఆమె తీసిన చిన్న సినిమాలోది. ఫిల్ము రీలు అయిపోయేదాకా, మూడు నిమిషాలు, ఊరికే అరుస్తుంది. నలభై ఆరేళ్ళ తర్వాత ఆ అరుపుకి టికెట్ పెట్టారు.

అలాగైతే ఎవరేం రాసినా బాగుందనాలా అని అడుగుతారు. నేనా మాట అనలేదు. రెండోసారి చదవమంటున్నాను. సరుకు లేని రచన రెండోసారికి పలచబడుతుంది, అప్పుడు నిర్మొహమాటంగా తిట్టండి. కొన్ని చిక్కబడతాయి.

ఆరేళ్ళ కింద ఒకమ్మాయి తొమ్మిది కథలు పంపింది. ఖమ్మం దగ్గర పల్లెలో టీచరు. జిరాక్సు కాగితాలు. నేను ఎర్ర సిరాతో దిద్దాను. ఆమె వాక్యం సగంలో కాలం మారిపోతుంది. ‘వండింది’ అని మొదలైన వాక్యం ‘పెడుతోంది’ అని ముగుస్తుంది. ప్రతిచోటా గీత కొట్టి, ముందు వాక్యం నేర్చుకోండి, తర్వాత కథ రాయండి అని ఉత్తరం రాశాను. కాగితాలు తిప్పి పంపడం మర్చిపోయాను. ఆ తర్వాత ఆమె పేరు ఏ పత్రికలోనూ చూడలేదు.

సభ నుంచి వచ్చిన రాత్రి ఆ కట్ట వెతికి తీశాను. తొమ్మిది కథలూ చదివాను, మళ్ళీ చదివాను. కాలం మారేది ఎక్కడపడితే అక్కడ కాదు. భర్త ఇంట్లోకి అడుగుపెట్టిన వాక్యంలోనే మారుతోంది. అతను వచ్చేదాకా జరిగిపోయినట్టు రాస్తుంది, అతను వచ్చాక అన్నీ ఇప్పుడే, కళ్ళముందే జరుగుతుంటాయి. తొమ్మిదిలో ఏడు కథల్లో అలాగే ఉంది. సరిగ్గా అక్కడే నా ఎర్ర గీతలు.

కవరు మీద ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఆమే తీసింది. నా పేరు చెప్తే గుర్తుపట్టింది. క్షమాపణ లాంటిదేదో చెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు. “ఇప్పుడేం రాస్తలేను మేడం” అంది. కాసేపు ఆగి, “ఆ కాయితాలు మీ దగ్గర ఉన్నయా? నా దగ్గర వేరే కాపీ లేదు” అంది.

మర్నాడు స్పీడ్ పోస్టులో పంపాను. ఎర్ర సిరా ఎలా పోతుందో తెలియక, అలాగే పంపాను.