తుపాకుల జమాఖర్చు

పాత తుపాకులను చూడబోవుట యనగా పూర్వుల శౌర్యమును చూడబోవుటయే యనియు, ఆ శౌర్యమును పిల్లల కన్నుల యెదుట నిలుపుటయే ఆయుధశాలల పరమప్రయోజనమనియు చెప్పుట విద్యావంతులలో సైతము పరిపాటియైనది. ఈ మతము నాకు సమ్మతము కాదు.

హైదరాబాదు అమీర్‌పేటలో మెట్రో రైలెక్కి, పంజగుట్ట, ఎర్రమంజిల్ దాటి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ కడ దిగి, మూసీకి దక్షిణపు గట్టున నున్న సాలార్‌జంగ్ ప్రదర్శనశాలకు పోయిన వారు అచ్చటి వత్తి తుపాకులను, చెకుముకి తుపాకులను కొంచెము నిలిచి చూతురు గాక. వానలో తడిసెనా వత్తి పనికిరాదు. చీకటిలో దాని నిప్పే శత్రువునకు గుఱి చూపును. చెకుముకి రాయి ఆ బాధను కొంత మాన్పినది. ఈ మార్పును తెచ్చినది కమ్మరి నేర్పును, ఖజానా సొమ్మునే గాని వీరుని గుండె గాదు.

ఖజానా మాట వచ్చినది గనుక నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు కథ చెప్పక తప్పదు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించి, వేలకొలది సిపాయిలకు ఐరోపా కవాతు నేర్పిన యాతడు 1798 మార్చిలో మరణించెను. సెప్టెంబరులో నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. అక్టోబరులో, జీతపు బాకీలకై తమ అధికారులపైననే తిరుగబడి యున్న ఆ సిపాయిలను ఆంగ్లసేన చుట్టుముట్టగా, వారు యుద్ధమే లేకుండ తుపాకులను క్రింద పెట్టిరి. ఇందు ఏ శౌర్యమును చూపి పిల్లలను పులకింపజేయుదుము?

తరువాతి కథ అంతకన్న చేదైనది. ఆంగ్లాధికారుల క్రింద నడచిన హైదరాబాదు కంటింజెంటు అను సేన ఖర్చు నిజాము నెత్తిన పడి, అప్పు పెరిగి పెరిగి, 1853లో బేరారు సీమ ఆంగ్లేయుల చేతికి పోయినది. సేనాపోషణకై జాగీరులు పొందిన పాయిగా అమీరుల సంగతియు వేఱు కాదు, సేన పేరిట వచ్చిన సొమ్ము మేడలుగాను మాఱినది: వారిలో నొకడైన వికార్ ఉల్ ఉమరా కట్టించిన భవనము అమీర్‌పేటకు కూతవేటు దూరమున బేగంపేటలో నేటికిని నిలిచియున్నది.

అంతగా శౌర్యమే కావలసినచో 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ అనుచరులతో కోఠీలోని ఆంగ్లేయుల రెసిడెన్సీపై పడిన దినమును తలంపవలెను. ఆనాడు ఆంగ్లేయుల పక్షము వహించిన దివాను మొదటి సాలార్‌జంగు. ఆయన మనుమడు కూర్చిన సంపదయే నేటి ఈ ప్రదర్శనశాల. ఈ చుట్టఱికమును కప్పిపుచ్చి వీరగాథలు పాడుట చరిత్ర గాదు, స్తోత్రపాఠము.

కావున ఆయుధశాలల నిర్వాహకులకు నా విన్నపమొక్కటియే: ప్రతి తుపాకి క్రిందను దానిని ధరించిన ప్రభువు పేరుతో పాటు, దానిని చేసిన వాని ఊరును, మోసిన సిపాయి జీతమును, ఆ జీతమునకై తాకట్టు పడిన సీమను, తెలిసినంత మేరకైనను వ్రాయింపుడు.