రెండు బడులు, ఒకే కొలబద్ద

ప్రతి జూన్ మాసంలోనూ మా కృష్ణగిరి జిల్లా సరిహద్దు పల్లెలలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది. "అయ్యవారూ, పిల్లవాణ్ణి ఏ బడిలో వేయమంటారు?" అడిగేది తెలుగు ఇంటి తల్లిదండ్రులు. వారు పోల్చి చూసేది ఒకే పంచాయతీ యూనియన్‌లోని రెండు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను. ఒకదానిలో తమిళ మాధ్యమం మాత్రమే ఉన్నది. రెండవదానిలో తమిళమూ తెలుగూ ఉన్నవి. నేను నోరు విప్పకముందే జవాబు కూడా వారే చెప్పేస్తారు: "తెలుగు బడిలో చదువు సాగదంట కదా!"

ఈ తీర్పును నేను అంగీకరించను. దోషం బడిలో కన్నా కొలతలో ఎక్కువగా ఉన్నది.

లెక్క చూడండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. తమిళ మాధ్యమం మాత్రమే ఉన్న బడిలో 58 మంది ఉన్నారనుకొందాం. ఇద్దరు ఉపాధ్యాయులు అయిదు తరగతులను పంచుకొంటారు. ఒకరికి రెండు, మరొకరికి మూడు. ఇక రెండవ బడిలో తమిళం వారు 30 మంది, తెలుగు వారు 28 మంది, మొత్తం 58 మంది అనుకొందాం. అందరినీ కలిపి లెక్కిస్తే అక్కడా ఇద్దరే. కాని తమిళం వారి అయిదు తరగతులూ ఒకరికి, తెలుగు వారి అయిదు తరగతులూ మరొకరికి! పట్టికలో మాత్రం రెండు బడులలోనూ 29 మందికి ఒక ఉపాధ్యాయుడు. రెండూ సమానమే అంటుంది కాగితం. ఒకే గదిలో అయిదు తరగతులను కూర్చోబెట్టుకొన్న అయ్యవారిని అడగండి, ఆ సమానత్వమెంతటిదో చెబుతారు.

మాధ్యమాన్ని బట్టి లెక్కించడం ఎవరికీ తోచని సంగతి కాదు. 1949లో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశమే ఒక సూత్రాన్ని అంగీకరించింది. ఒక భాష మాట్లాడే పిల్లలు బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉంటే, ఆ భాషలో బోధించడానికి కనీసం ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్నది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించే బాధ్యతను రాష్ట్రాలపై ఉంచింది. పిల్లలను భాషను బట్టి లెక్కించక ఆ బాధ్యత నెరవేరేదెట్లు?

మరొక మాట. తమిళనాడు 2006లో చేసిన చట్టంతో, 2006-07 విద్యాసంవత్సరంలో ఒకటవ తరగతి మొదలుకొని తమిళం నిర్బంధ పాఠ్యాంశమైనది. అప్పటినుండి తెలుగు మాధ్యమంలో చేరిన పసివాడు తెలుగు, తమిళం, ఇంగ్లీషు అనే మూడు లిపులు దిద్దుతున్నాడు. పక్క బడి పిల్లవాడికి రెండే. ఇద్దరి చేతా మూడవ తరగతిలో తమిళం చదివించి "వీడు వెనుకబడ్డాడు" అనడం న్యాయమా? తమిళం నేర్వవద్దని నేననను. తరతరాలుగా ఈ నేలమీద బ్రతుకుతున్నవారం, ఆ భాష మనకూ కావలసినదే. మోస్తున్న బరువును చూసి నడకను కొలవమంటున్నాను, అంతే.

నేను పనిచేసిన ఒక బడిలో జరిగినది చెబుతాను. తెలుగు ఉపాధ్యాయులు బదిలీపై వెళ్ళిపోగా ఆ స్థానం చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది. తరువాత వచ్చినవారు సజ్జనులే కాని తెలుగు చదవలేరు. గణితాన్ని తమిళంలో చెప్పి, నాలుగవ తరగతి బాలిక చేత తోటివారికి తెలుగులో చెప్పించేవారు. చూసి చూసి తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు. ఆ మరుసటి ఏడు పైనుండి వచ్చిన మాట: "పిల్లలు లేరు గనుక తెలుగు ఉపాధ్యాయుడు అవసరం లేదు." ముందు అయ్యవారిని తీసివేసి, పిదప పిల్లలు లేరనడం ఎటువంటి లెక్క?

మన తప్పును కూడా దాచవద్దు. తెలుగు మాధ్యమంలో జీతం తీసుకొంటూ తమ బిడ్డలను వేరే బడులకు పంపే ఉపాధ్యాయులు మనలో లేరా? మనకే నమ్మకం లేని బడిని కూలికి పోయే తల్లి ఎట్లు నమ్ముతుంది?

తల్లిదండ్రులారా, బడులను పోల్చవలసినదే. కాని గోడల రంగు చూసి కాదు. తెలుగు మాధ్యమానికి వేరుగా ఎందరు ఉపాధ్యాయులున్నారు? ఒక్కొక్కరి వద్ద ఎన్ని తరగతులున్నవి? తెలుగు పాఠ్యపుస్తకాలు ఏ నెలలో చేతికందినవి? మీ బిడ్డ తాను మునుపు చూడని ఒక పేరాను తెలుగులో చదివి, దాని అర్థం మీకు చెప్పగలుగుతున్నదా? ఈ నాలుగు ప్రశ్నలూ రెండు బడులలోనూ అడగండి.

అడగడానికి చోటు కూడా ఉన్నది. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల నిర్వహణ సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను సిద్ధం చేసేది ఆ సంఘమే. ఈసారి సమావేశానికి పిలుపు వచ్చినపుడు సంతకం పెట్టి ఊరకే తిరిగి రాకండి. పిల్లల సంఖ్యను, ఉపాధ్యాయుల సంఖ్యను మాధ్యమం వారీగా వేర్వేరుగా ఆ ప్రణాళికలో వ్రాయించండి. ఆ రెండు వరుసలూ కాగితంమీదికి వచ్చిన తరువాత ఏ బడి మంచిదో అడగండి. అప్పుడు తప్పక జవాబు చెబుతాను.