శాలువా కాదప్పా, పింఛను కావాల

మన గేరి పిల్లోడు కబడ్డీలో కప్పు కొట్టుకొస్తే ఊర్లో ఏం జరుగుతుంది? స్టేజీ వేస్తారు. పెద్దమనిషి ఒకాయన వచ్చి దండ వేసి, శాలువా కప్పి, నాలుగు మాటలు మాట్లాడి జీపెక్కి పోతాడు. మర్నాడు ఆ పిల్లోడు హిందూపురంలో రైలెక్కి బెంగళూరుకు సెంట్రింగ్ పనికి పోతాడు. లేదంటే ధర్మవరంలో మగ్గం గుంతలోకి దిగుతాడు. లేదంటే పెనుకొండ కార్ల ఫ్యాక్టరీ చుట్టుపక్కల కాంట్రాక్టరు కింద చేరతాడు. శాలువా ట్రంకు పెట్టెలో మడత మీద ఉంటుంది. మోకాలు విరిగిన రోజు ఆ శాలువా చూపిస్తే ఏ ఆస్పత్రిలోనైనా మందు ఇస్తారా?

ఆట ఆడేవాడు కళాకారుడు, దేశానికి గర్వం అంటారు. బాగుంది. కానీ ఆడేవాడు కష్టజీవి కూడా అనే సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. కష్టజీవి అంటే కూలి అడుగుతాడు కదా, అందుకే ఎత్తరు.

తులసీదాస్ బలరాం కథ చూడండి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టినాడు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే మనిషి దగ్గర ఫుట్‌బాల్ బూట్లుగా కుట్టించుకున్నాడు. (ఆ బూట్లు కుట్టిన చేతులకు ఏ అవార్డూ రాలేదు, అది వేరే కథ.) హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ రమ్మంటే అంత దూరం వచ్చేదానికి డబ్బుల్లేవన్నాడు. సైకిల్ బాడుగ ఆయనే ఇచ్చినాడు. ఆ సైకిల్ మీద నుంచి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు పోయినాడు. రోమ్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. అదే ఏడు అర్జున అవార్డు. మరుసటి ఏడు, 1963లో, ముప్పై నిండకముందే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఆట ఆగిపోయింది. కలకత్తా మైదానాల్లో వేలమంది టిక్కెట్లు కొని చూసిన మనిషి ఆయన. ఆ టిక్కెట్ల డబ్బులు ఎవరి ఇంట్లోకి పోయినాయో మీరే చెప్పండి. ఆయనకు అన్నం పెట్టింది గోల్స్ కాదు, రైల్వే నౌకరీ. పద్మ అవార్డు ఇవ్వలేదనే బాధ చివరిదాకా పోలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూసినాడు.

గవర్నమెంటు పింఛను ఉంది కదా అంటారు. ఉంది. కేంద్రం 2018లో పెంచిన లెక్క ప్రకారం ఒలింపిక్ పతకం తెచ్చినోళ్లకు నెలకు 20 వేలు, ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చినోళ్లకు 14 వేలు. మంచిదే. కానీ ఇది పతకానికి ఇచ్చే పింఛను, చెమటకు ఇచ్చేది కాదు. జిల్లాకు ఆడి, రాష్ట్రానికి ఆడి, చీలమండ పోగొట్టుకున్నోడికి ఏముంది? బలరాం ఒక్కడు పైకి రావాలంటే వందమంది ఆయన ఎదురుగా ఆడాల. ఆ వందమంది లేకుంటే ఆటే లేదు.

ఈ మాట గట్టిగా అడిగినోళ్లు ఉన్నారు. అమెరికాలో, నల్లవాళ్లు. ఆస్కార్ రాబర్ట్‌సన్ అని బాస్కెట్‌బాల్ ఆటగాడు, 1938లో పుట్టినాడు. ఇండియానాపొలిస్‌లో గుడ్డపీలికలు చుట్టి రబ్బరు వేసి బంతి చేసుకుని, పండ్ల బుట్టను వేలాడగట్టి ఆట నేర్చుకున్నాడు. ఆయన చదివింది నల్ల పిల్లోళ్లకని వేరుగా కట్టిన బడి. 1955లో ఆ బడి రాష్ట్ర చాంపియన్ అయింది. గెలిచిన జట్టు ఊరేగింపు ఊరి నడిబొడ్డున జరగడం అక్కడ మామూలు. వీళ్లను మాత్రం అక్కడ ఎక్కువసేపు ఉండనీకుండా నల్లవాళ్ల పేట వైపు మళ్లించినారు. మన పెళ్లి ఊరేగింపును పెద్ద వీధిలోకి రానీకుండా పక్క సందులోకి తిప్పినట్టే. వేరే దేశం, వేరే రంగు. బుద్ధి మాత్రం ఒకటే.

1964 జనవరి 14న బోస్టన్‌లో పెద్ద పెద్ద ఆటగాళ్లందరితో పోటీ పెట్టినారు. టీవీలో చూపిస్తామని చాటింపు. ఆటగాళ్లు గదిలో కూర్చుని, పింఛను సంగతి తేలిస్తే గానీ మైదానంలోకి అడుగు పెట్టమన్నారు. యజమానులు బెదిరించినారు. తెల్లవాళ్లు నల్లవాళ్లు ఒక్కరూ లేయలేదు. ఆట టైము దగ్గర పడింది, చివరికి మాట ఇచ్చినారు. ఆ పొద్దు బాగా ఆడినోడు ఎవరంటే రాబర్ట్‌సనే! గమనించండి, పతకం తెచ్చినోళ్లకే పింఛను ఇవ్వండని వాళ్లు అడగలేదు. ఆ ఆటే పనిగా బతికేవాళ్లకు అడిగినారు.

ఇంకో ముడి ఉండె. ఆటగాడు ఒక జట్టుకు సంతకం పెడితే, గడువు తీరినా ఇంకో జట్టుకు పోయే హక్కు లేదు. ఎంత ఇస్తే అంతకు ఆడాల, లేదా ఇంట్లో కూర్చోవాల. రాబర్ట్‌సన్‌కయితే మొదటి జట్టును ఎంచుకునే దారి కూడా లేదు. సిన్సినాటిలో కాలేజీ చదివినాడు కాబట్టి సిన్సినాటి జట్టుకే చెందుతాడని రూలు. మన తాతలకు ఈ ముడి తెలుసు. అప్పు తీరిందాకా వేరే గడప తొక్కకూడదనే జీతం ముడి. జీతగాడికి గంజి, ఆయనకు డాలర్లు, రెండూ ఒకటని నేను అనను. కానీ తాడు పట్టుకున్నోడి చెయ్యి ఒకే మాదిరి ఉంటుంది.

రాబర్ట్‌సన్ ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడిగా 1970లో కోర్టుకు పోయినాడు. 1976లో రాజీ కుదిరింది, ముడి వదులైంది. మన దేశంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది కూడా 1976లోనే. ఆయన 1974కే ఆట మానేసినాడు కాబట్టి ముడి వదులైన జట్లలో ఆడే భాగ్యం ఆయనకు దక్కలేదు. పైగా ఆ దావా వల్లే తనను దూరం పెట్టినారని చెప్పుకున్నాడు. 2023-24లో స్టీఫెన్ కర్రీ అనే ఆటగాడి ఒక్క ఏడాది జీతం 5 కోట్ల 19 లక్షల డాలర్లు, మన లెక్కన సుమారు 430 కోట్లు. ఆ జీతం వెనక ఆటగాళ్ల సంఘం ఉంది.

ఇప్పుడు మన దగ్గర ప్రో కబడ్డీ వచ్చింది, 2014 నుంచి. వేలం పెడతారు, సంతలో ఎద్దును పాడినట్టు. 2023లో తెలుగు టైటాన్స్ వాళ్లు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడినారు. ఆయన కష్టానికి అది తగినదే, నాకు ఏడుపు లేదు. కానీ పేపర్లో ఆ ఒక్క అంకె చూసి మన పిల్లోళ్లు చదువు వదిలేస్తున్నారంటే అక్కడ నాకు భయం. ఆ అంకె పక్కన బెంచీ మీద కూర్చునేవాడి అంకె కూడా వేయాల.

స్పోర్ట్స్ కోటా 2 నుంచి 3 శాతం చేస్తామని 2024 క్రీడా విధానంలో రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. సరే. పర్మనెంటు పోస్టులన్నీ ఔట్‌సోర్సింగుకు ఇచ్చుకుంటా పోతే 3 శాతం దేంట్లో? బలరాంను నిలబెట్టింది రైల్వే పర్మనెంటు నౌకరీ. అట్లాంటి నౌకరీ ఇప్పుడు ఎన్ని ఉన్నాయో మీ వీధిలోనే లెక్కపెట్టండి.

కాబట్టి సంఘం వాళ్లు ఒక పని చేయండి. మీ ఊర్లో జిల్లాకు, రాష్ట్రానికి ఆడి ఇంట్లో కూర్చున్నోళ్ల పేర్లు, ఆడిన సంవత్సరాలు, తగిలిన దెబ్బలు ఒక నోటుబుక్కులో రాయండి. ఆడపిల్లల పేర్లు మొదట రాయండి, పెళ్లయినాక వాళ్లను ఎవరూ గుర్తు పెట్టుకోరు. సర్టిఫికెట్లు జిరాక్స్ తీసి పెట్టండి. ఎవరైనా పిల్లోడి చేత అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకుంటుంటే, దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది, ఎన్నేళ్లు కట్టుబడాల, మధ్యలో బయటికి రావచ్చా అని ముందు అడగండి. తెలుగులో చదివి వినిపించమనండి. సోమవారం పుట్టపర్తి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి ఒకే సోమవారం, ఒకే అర్జీతో పోదాం.