దిన్నె, తిప్ప, గుంట

ఊళ్ల పేర్లు చదివితే చాలు, నెల్లూరు జిల్లా బోగోలు మండలం నేల ఎలాంటిదో తెలిసిపోతుంది. జువ్వలదిన్నె, కప్పరాళ్లతిప్ప సముద్రం ఒడ్డు ఊళ్లు. ఇసుక మేటవేసి ఎత్తుగా నిలిచిన చోటు దిన్నె అయింది, తిప్ప అయింది. కాస్త లోపలికి వస్తే తెల్లగుంట, బిట్రగుంట, అల్లిమడుగు. అల్లిపూలు పూసిన మడుగు కాబోలు అది. కొండబిట్రగుంట పేరులోనే కొండ ఉంది. బిలకూట క్షేత్రమని పేరుపడ్డది అదే, ప్రసన్న వేంకటేశ్వరస్వామి వెలసింది అక్కడే. ఎక్కడ ఇల్లు కట్టుకోవచ్చో, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో సర్వే పటాలు రాకముందే పెద్దలు పేర్లలో చెప్పి పోయారు.

మండల కేంద్రం బోగోలే అయినా, బయటివాళ్లలో ఎక్కువమందికి తెలిసిన పేరు బిట్రగుంట. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు ఆఫీసులు బోగోలు పేరుతో వచ్చాయి. జనం అంతకు చాలా ముందే రైలుకట్ట వెంట చేరారు.

చెన్నై నుంచి విజయవాడకు రైలు దూరం 431 కిలోమీటర్లు. బిట్రగుంట దాదాపు నడిమధ్యన ఉంటుంది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఆ దూరమే ఊరికి అన్నం పెట్టింది. ఇంజనుకు బొగ్గు వేయాలి, నీళ్లు పట్టాలి, బూడిద దులపాలి. డ్రైవరు, ఫైర్‌మన్ డ్యూటీ దిగాలి, కొత్తవాళ్లు ఎక్కాలి. అందుకే బ్రిటిష్ కాలంలో ఇక్కడ పెద్ద లోకోషెడ్డు వెలిసింది. దాని చుట్టూ క్వార్టర్లు లేచాయి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఉద్యోగులు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. 1980 నాటికి ఈ లైను మొత్తానికీ కరెంటు వచ్చేసింది. కరెంటు ఇంజనుకు దారిలో నీళ్లు పట్టే పని లేదు. ఆవిరి ఇంజన్లతోపాటు షెడ్డు కూడా మూతపడింది, బదిలీ కాగితాలు పట్టుకుని కుటుంబాలు తరలిపోయాయి. మిగిలిన రైల్వే స్థలంలో ఏదైనా పరిశ్రమ పెట్టమని ఊరు దశాబ్దాలుగా అడుగుతూనే ఉంది. న్యాయమైన కోరిక అది. ఆ నేల మీద నైపుణ్యం ఉన్న జనం ఒకసారి చేరి చూపించారు.

సముద్రం వైపు బతుకు వేరు. అక్కడ మనుషులు ఎందరుండగలరో నీళ్లే తేల్చేవి. ఇసుకలో నడుములోతు తవ్వితే అడుగున నీళ్లు ఊరతాయి. అలల హోరు చెవిన పడుతుండగానే దోసిలి పట్టి తాగితే తియ్యగా ఉంటాయి. ఆ గుంటనే దొరువు అంటారు. రైతు రెండు చేతుల్లో రెండు కుండలు పట్టుకుని ఏటవాలు గట్టు మీదుగా దిగి, ముంచుకుని, పైకెక్కి మొక్కలకు పోసేవాడు. ఇందులో కిటుకేమిటంటే, ఈశాన్య రుతుపవనాల వాన ఇసుకలోకి ఇంకి, కిందున్న ఉప్పునీటి కంటే తేలిక కనుక దానిమీద పొరలా నిలుస్తుంది. పైపైన తోడుకుంటే తీపి. లోతుగా బోరు దించి మోటారుతో లాగితే అడుగునున్న ఉప్పు పైకి ఎగబాకుతుంది. బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ పాత పద్ధతినే తీసుకుని, ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి పైనీళ్లు మాత్రమే తోడే ఏర్పాటుగా మెరుగుపరిచారు. పల్లె అనుభవం మీద అంత గౌరవం చూపిన పరిశోధన అరుదు.

దిన్నె ఎత్తు విలువ తుఫానప్పుడు తెలుస్తుంది. 1989 నవంబరులో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టిన గే తుఫాను ఆ దేశాన్నీ బంగాళాఖాతాన్నీ దాటుకుని వచ్చి ఇక్కడికి పక్కనే ఉన్న కావలి దగ్గరే తీరాన్ని తాకింది. దాన్ని కావలి తుఫాను అనే పిలుస్తారు.

ఇప్పుడు ఆ తీరానికి కొత్త కబురు జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్. 2020 నవంబరులో శంకుస్థాపన జరిగింది, దాదాపు 289 కోట్ల రూపాయల ఖర్చుతో కట్టి 2024 మార్చిలో ప్రారంభించారు. ఒకప్పుడు రైలు చేసిన పనిని ఇకమీద బోట్లు చేయవచ్చు. ఐసు, వేలంపాట, వలల మరమ్మతు, డీజిల్, లారీలు నిలకడగా దొరికితే జనం వాటి చుట్టూ చేరతారు. అప్పుడు ఆ ఊరు పట్నమా, పల్లెటూరా?

జనాభా లెక్కల శాఖ దగ్గర దీనికో కొలత ఉంది. మున్సిపాలిటీ లేని ఊరిని పట్టణంగా గుర్తించాలంటే కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. ప్రధానంగా పనిచేసే మగవాళ్లలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. 1981 నుంచి ఈ కొలతలో చేపలవేటను వ్యవసాయం వైపే వేస్తున్నారు. అంటే లోకోషెడ్డు కార్మికులు వెయ్యిమంది చేరితే ఊరు పట్టణానికి దగ్గరవుతుంది. బోట్ల మీద వేటకు వెళ్లే మత్స్యకారులు వెయ్యిమంది చేరితే దూరమవుతుంది. రేవుల జిల్లాలో ఈ కొలత సరిపోదు, మార్చాలి.

2011 తర్వాత జనగణన జరగనే లేదు. 2021లో కోవిడ్ అడ్డుపడింది. మనుషుల లెక్క 2027 ఫిబ్రవరికి ఖరారైంది. నెల్లూరు జిల్లా గిరిజనుల్లో అత్యధికులైన యానాదులు ఆ లెక్కలో జారిపోకుండా చూడటం అన్నిటికంటే ముఖ్యం. ఈ తీరంలో చాలా కుటుంబాలు రొయ్యల చెరువుల గట్ల మీద, కాలువల పక్కన కాపలా గుడిసెల్లో ఉంటాయి. తాటాకు కప్పు, టార్పాలిన్ పట్టా, బయట మూడు రాళ్ల పొయ్యి. తలుపే లేని చోట ఇంటి నంబరు ఎక్కడ రాస్తారు? పంట పట్టుబడి పూర్తయితే ఆ కుటుంబం మరో గట్టుకు మారుతుంది. ఊరి వీధుల వెంట మాత్రమే నడిచే ఎన్యూమరేటర్‌కు వాళ్లు కనిపించరు. పంచాయతీలు ఇప్పటినుంచే చెరువుల వారీగా గుడిసెల జాబితా రాసుకోవాలి. లెక్కకు సాయంత్రం పొద్దుగూకాక వెళ్లాలి, యానాదుల్లోనే చదువుకున్న ఒక పిల్లనో పిల్లవాడినో వెంట తీసుకెళ్లాలి.